రాప్తాడు మండల మహిళా సమాఖ్యకు బహిరంగ లేఖ: నడివయసు చర్మమును గూర్చి



అమ్మలారా, అక్కలారా,

నెలనెలయు మీ సమావేశములలో పొదుపు లెక్కలు, బ్యాంకు వాయిదాలు, పింఛనుల చిక్కులు, పిల్లల చదువులు చర్చకు వచ్చుచుండును. వాని సరసన మరియొక విషయమునకు కొంత తావిమ్మని వేడుకొనుటకై ఈ లేఖను పదిమందియు చదువునట్లు బహిరంగముగా వ్రాయుచున్నాను. నలువది యేండ్లు దాటిన స్త్రీ పురుషుల చర్మరక్షణము ఆ విషయము. ఇది తీరిక గలవారి అలంకారప్రీతి యని తలంచువారు కలరు, నేనట్లు తలంపను. నీడపట్టున, చల్లని గదులలో కాలము గడపువారి చర్మమునకు కలుగు హాని స్వల్పము. తెల్లవారినది మొదలు కలుపులోను, మట్టిపనిలోను వంగి, బోరునీటితో స్నానమాడి, రాత్రి పొద్దుపోవువరకు వేరుసెనగ కాయ ఒలుచు చేతులకు కలుగు హాని అపారము. చర్మమును గూర్చిన శాస్త్రజ్ఞానము ముందుగా ఎవరికి అందవలసియున్నదని విచారించినచో, బుక్కచెర్ల, మరూరు, హంపాపురము మొదలగు ఊళ్ళలోని మీ సంఘములకే యని నాకు తోచుచున్నది.

దేహములోని అవయవములన్నిటిలోను విస్తారమైనది చర్మము. లోపలి తడిని బయటకు పోనీయక, బయటి సూక్ష్మజీవులను లోనికి రానీయక, చెమట రూపమున వేడిని వెలిగ్రక్కుచు, స్పర్శజ్ఞానమునిచ్చుచు, రేయింబవళ్ళు అది పనిచేయుచునే యుండును. దాని పైపొరలో మృతకణములు మన పల్లెల రాతిగోడలోని రాళ్ళవలె ఒకదానిపై నొకటి పేర్చబడి యుండగా, వాని సందులలో ఒకవిధమైన కొవ్వు అడుసువలె మెత్తబడి యుండును. ఆ కొవ్వు కరిగిపోయిననాడు గోడ నిలిచియే యున్నను తడి మాత్రము నిలువదు. ఆ పొరకు దిగువ భాగమున కొల్లాజెన్ అను మాంసకృత్తు తంతువులుగా అల్లుకొని చర్మమునకు బిగువునిచ్చును. నడివయస్సులో ఈ కొవ్వును, ఈ తంతువులును రెండును తగ్గనారంభించును. తగ్గుట ప్రకృతిధర్మము, ఎంత వేగముగా తగ్గునన్నది చాలవరకు మన నిత్యకృత్యముల పైననే ఆధారపడి యుండును.

ఇక మన సీమ స్వభావమును చూడుడు. నైఋతి ఋతుపవనముల తడిని పడమటి కనుమలు ముందే హరించివేయగా, వాననీడలో మిగిలిన ఈ అనంతపురపు పీఠభూమికి ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానయే దక్కుచున్నది. మబ్బు తక్కువ, గాలి పొడి, వెలుతురు తీక్ష్ణము. రాప్తాడు పదునాలుగున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశమునకు చేరువగా నుండుటచేత, సూర్యుడు సంవత్సరమునకు రెండు మారులు, ఏప్రిల్ చివరను ఆగస్టు నడుమను, మధ్యాహ్నవేళ సరిగా మన నడినెత్తికి వచ్చును; ఆ దినములలో నిలువుగా నాటిన కట్టెకు ఆ క్షణమున నీడయే కానరాదు. ఏప్రిల్ ఎండకు అందరును జడియుదురు. ఆగస్టు ఎండకు ఎవరును జడియరు. ఏలయన అది వేరుసెనగ చేలలో కలుపు తీయు కాలము, గాలి కొంత చల్లబడి, ఆకాశమున తెల్లని మేఘములు తిరుగుచుండు కాలము. చర్మమును ముదిమికి లోనుచేయునది వేడి కంటె అధికముగా అతినీలలోహిత కిరణములు. వానిలో దీర్ఘతరంగములు గలవి మేఘములను, గాజు తలుపులను గూడ చొచ్చుకొని వచ్చి, చర్మపు లోతునకు దిగి, కొల్లాజెన్ తంతువులను తెగగొట్టును. ఒంటికి వేడి తగులకపోయినంత మాత్రమున హాని లేదనుకొనరాదు. దీనిని కనిపెట్టుటకు యంత్రమక్కరలేదు: మన నీడ మనకంటె పొట్టిగా నున్నంతసేపును ఆ కిరణములు తీవ్రముగా నున్నవని గ్రహించిన చాలును.

సందేహము గలవారు తమ భుజమునకు దిగువ, చంకవైపున, ఎండ యెరుగని చర్మమును, ముంజేతి వెలుపలి చర్మముతో పోల్చి చూచుకొనవలెను. రెండును ఒక్కదినముననే పుట్టినవి, ఒక్క అన్నమునే తిన్నవి. అయినను ఒకటి నునుపుగాను, మరియొకటి గరుకుగా, మచ్చలు పడి, ముడుతలు తేరియు నుండును. మనము వయస్సునకు అంటగట్టు దోషములో ఎంత భాగము ఎండదో ఆ రెండు చర్మములే సాక్ష్యము చెప్పును.

మన చేలలో స్త్రీలు చీరపై మగవారి నిండుచేతుల చొక్కా తొడిగికొని, తలకు తువ్వాలు చుట్టుకొని పనికి వచ్చుట అందరెరిగినదే. ఏ వైద్యుడును చెప్పకయే నేర్చుకొన్న ఈ అలవాటు, చర్మరక్షణోపాయములన్నిటిలోను ఉత్తమమైనదని నా దృఢాభిప్రాయము. దానికి నేను చేర్పగోరునది కొంచెమే. చొక్కా నేత దట్టముగా నుండవలెను. వెలుతురుకెత్తి చూచినప్పుడు చిల్లులవలె వెలుగు కానవచ్చు పాత పలుచని గుడ్డ కిరణములను కొంత లోనికి విడుచును, చెమటతో తడిసినప్పుడు మరింత విడుచును. ముదురు రంగు గుడ్డ లేతరంగు గుడ్డకంటె ఎక్కువ ఆపును. తువ్వాలు తలపై మాత్రమే యుండక, చెవులపైకిని మెడ వెనుకకును జారియుండవలెను. అక్కడి చర్మము అన్నిటికంటె ముందుగా ముదురును. మీ యింటి మగవారికి ఈ మాట గట్టిగా చెప్పుడు. వారు చొక్కా విప్పి మడక కట్టు కాలము పోయినను, ట్రాక్టరు పైనను, మోటారుసైకిలు పైనను చేతులు, మెడ బయటవేసికొని మధ్యాహ్నమంతయు తిరుగుచునే యున్నారు.

అంగళ్ళలో దొరకు సన్‌స్క్రీన్ లేపనముల మాట కూడ చెప్పవలయును. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రమున నంబూర్ అను ఊరిలో 55 ఏండ్లలోపు వయస్సు గల 903 మందిని నాలుగున్నర సంవత్సరములు పరిశీలించి 2013లో ప్రకటించిన పరిశోధనలో, ప్రతిదినమును లేపనము రాసికొన్నవారి చర్మము, ఇష్టమైనప్పుడు మాత్రమే రాసికొన్నవారి చర్మముకంటె నూటికి ఇరువదినాలుగు వంతులు తక్కువగా ముదిసినట్లు తేలినది. వారిలో నడివయస్కులు పెక్కుమంది యుండిరి. అనగా నలువది దాటిన పిమ్మట మొదలుపెట్టినను ఫలితము కలదన్నమాట. వారు తెల్లనివారు, మనము కాము. మన చర్మములోని నల్లని వర్ణకము మనకు సహజమైన రక్షణము. దానివలన చర్మపు క్యాన్సరు మనలో చాల అరుదు. ఆ నలుపును తక్కువగా చూచుటకంటె కృతఘ్నత లేదు. అయితే చెక్కిళ్ళపై మంగు పట్టు లక్షణము మన వర్ణము వారికే అధికము. మంగు గలవారు ఎండలోనికి పోకముందే, చూపుడువ్రేలు, నడిమివ్రేలు రెండింటి పొడవునను పిండినంత లేపనమును ముఖమునకు మెడకు పూసికొని, రెండు మూడు గంటలకొకమారు మరల పూసికొనుట మేలు. ఎస్.పి.ఎఫ్. 30కి తగ్గనిది కావలెను. కొనుటకు చేతిలో లేనివారు చింతపడనక్కరలేదు. దట్టమైన గుడ్డయు, చెట్టునీడయు దానికంటె ఎక్కువే చేయును.

స్త్రీల విషయమున మరియొక కారణము గలదు. దానిని గూర్చి మనము బహిరంగముగా మాటాడుకొనుట లేదు. ముట్లుడిగిన పిమ్మట ఈస్ట్రోజెన్ అను గ్రంథిరసము తగ్గిపోవుటచేత, మొదటి అయిదేండ్లలోనే చర్మములోని కొల్లాజెన్‌లో దాదాపు మూడవవంతు నశించునని వైద్యులు కనుగొనిరి. చర్మము పలుచబడుట, దురద, పొడిబారుట, చిన్న గాయము గూడ మానక సాగుట, ఇవన్నియు ఆ కాలమున ఒక్కమారుగా వచ్చును. ఇది యాభై యేండ్ల చేరువలో రావలసినది. మన రాష్ట్రములో చాలమందికి అంతకు ముందే వచ్చుచున్నది. ఏలయన 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతటను నూటికి ముగ్గురు చొప్పున నుండగా, ఆంధ్రప్రదేశమున దాదాపు తొమ్మండుగురుండిరి. రాష్ట్రములన్నిటిలోను అదియే అత్యధికము. గర్భసంచితో పాటు అండాశయములను గూడ తీసివేసినచో ఒక్కదినముననే శరీరము ముదిమిలో అడుగుపెట్టును. వానిని ఉంచినను ముట్లుడుగు దశ కొంత ముందుగా వచ్చుట కలదు. ముప్పదియైదేండ్ల కూలి స్త్రీకి, మరియొక వైద్యుని అభిప్రాయమైనను అడుగక, ఈ శస్త్రచికిత్స చేయించు ఆచారము నా మనస్సును మిక్కిలి కలచివేయుచున్నది. మీ సంఘములలో ఎవరికైనను ఆ సలహా వచ్చినచో, అనంతపురము ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మరియొకమారు చూపించిన పిమ్మటనే ఒప్పుకొనుమని పదిమందియు చెప్పవలయును. ఇదివరకే జరిగిపోయినవారు తమ వయస్సెంతయైనను, నేను దిగువ చెప్పు అలవాట్లను యాభై దాటినవారివలె ఇప్పటినుండియే పాటింపవలెను.

ఆ అలవాట్లు మిక్కిలి సులభములు. మొదటిది స్నానము. లోతైన బోర్లనుండి వచ్చు మన నీరు కఠినజలము. దానిలోని సున్నము, మెగ్నీషియము సబ్బుతో కలిసి తెల్లని జిడ్డుగా మారి చర్మముపై పేరుకొని దురద పుట్టించును. సబ్బు క్షారగుణము గలది. మన చర్మము కొంచెము ఆమ్లగుణము గలది. కావున నలువది దాటినవారు ఒళ్ళంతయు సబ్బు రుద్దుకొనుట మాని, చంకలకు, గజ్జలకు, పాదములకు మాత్రము వాడి, తక్కిన దేహమునకు పెసరపిండితోనో, సెనగపిండితోనో సరిపుచ్చుకొనవలెను. పొగలుగ్రక్కు వేడినీళ్ళు చలికాలమున ఎంత హాయిగా నున్నను, నేను ముందు చెప్పిన కొవ్వును కరిగించివేయును. గోరువెచ్చని నీళ్ళు చాలును. పీచుతోను, రాతితోను ఒళ్ళు తోముట ముమ్మాటికి తగదు.

రెండవది అభ్యంగనము. వాగ్భటుడు తన అష్టాంగహృదయమున దినచర్యాధ్యాయములో, ప్రతిదినమును నూనె రాసికొనుమనియు, తలకు, చెవులకు, పాదములకు విశేషముగా రాయుమనియు విధించినాడు. పాదములను ఆయన తలతో సమానముగా చెప్పుట నాకెంతయు ఆశ్చర్యమును, ఆదరమును కలిగించును. నేటి వైద్యులు దానికి చేర్చిన సవరణ ఒకటే: స్నానమైన రెండు మూడు నిమిషములలో, ఒడలు ఇంకను తడిగా నున్నప్పుడే రాయవలెను, అప్పుడు తడి లోపలనే బంధింపబడును. ఏ నూనె యన్నచో, ఇంట గానుగ ఆడించిన వేరుసెనగనూనె ఉన్నదే యని మీరందురు. వంటకు అది శ్రేష్ఠమే. దానిలో సగమునకు చేరువగా నుండు ఓలియిక్ ఆమ్లము మాత్రము చర్మపు పైపొరలోని కొవ్వు అమరికను సడలించునది. ఆ ఆమ్లమే అధికముగా గల ఆలివ్ నూనె చర్మమును బలహీనపరచునని 2013లో ప్రకటితమైన పరిశోధనయు తెలిపినది. కొబ్బరినూనె అంతకంటె మేలు. ఫిలిప్పీన్సులో 2004లో పొడిచర్మము గలవారిపై జరిపిన పరీక్షలో అది మినరల్ ఆయిలుతో సమానముగా పనిచేసినది. వాజెలిన్ మరింత చవుక, మరింత బలవత్తరము; తడిని బంధించుటలో దానిని మించిన ఖరీదైన లేపనము నాకు కానరాలేదు.

పాదముల మాట యెత్తినందున అక్కడ కొంత నిలువవలెను. మడమల పగుళ్ళు మన స్త్రీలకు అందరికిని సహజమనుకొనుట తప్పు. రాత్రి పడుకొనుటకు ముందు పది నిమిషములు గోరువెచ్చని నీళ్ళలో పాదములుంచి, చచ్చిన చర్మమును గరుకురాతితో మెల్లగా తీసి, తుడిచి, వాజెలిన్ దట్టముగా పట్టించి, పాత నూలు మేజోళ్ళు తొడిగికొని పరుండినచో, పక్షము దినములలో పగులు పూడుట చూడవచ్చును. షుగరు జబ్బు గలవారు మాత్రము రాతితో గీకరాదు, వేడినీటిలో పాదముంచరాదు. వారికి స్పర్శ తగ్గియుండును, కాలినను తెగినను తెలియదు, ఆ పగులే పుండై వ్రేలు తీయించుకొను దశకు రావచ్చును. ప్రతిరాత్రియు అరికాలిని అద్దములో చూచుకొనుట వారికి భోజనమువలె నిత్యవిధి కావలెను. మెడ వెనుకను, చంకలలోను చర్మము నల్లగా, మందముగా, మఖమలు గుడ్డవలె మారినచో అది మురికి కాదు. ఎంత తోమినను పోదు. రక్తములో ఇన్సులిన్ పనిచేయక పోవుచున్నదని, షుగరు రాబోవుచున్నదని చెప్పు సూచన యది. అట్టివారిని సమాజము శుభ్రత లేనివారిగా చూచుట అన్యాయము. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పంపి రక్తపరీక్ష చేయింపవలెను.

ఇప్పుడు మీకు కఠినముగా తోచినను చెప్పక తప్పని మాట. పల్లెటూరి అంగళ్ళలో, మందుల దుకాణములలో, ముఖము తెల్లబడునని చెప్పి అమ్ము చిన్న ట్యూబులలో బెటామెథసోన్, క్లోబెటసోల్ మొదలగు స్టిరాయిడులు గలవి కలవు. పదిదినములు ముఖము నిగనిగలాడును. ఆ పిమ్మట చర్మము పలుచబడి, ఎర్రని నరములు తేలి, మొటిమలు లేచి, స్త్రీల ముఖముపై వెండ్రుకలు మొలచి, మానివేసిననాడు మంటలెత్తును. ఆ మంట చూచి మరల అదే రాయుదురు. విడువరాని వ్యసనముగా మారును. తామరకు అదే లేపనము రాసినచో దురద తగ్గినట్లుండి తామర ఒళ్ళంతయు పాకును. ఇట్టి స్టిరాయిడు లేపనములను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని కేంద్రప్రభుత్వము 2018లో నిబంధన విధించియున్నది. పేరులేని డబ్బాలలో వచ్చు మరికొన్ని లేపనములలో పాదరసముండును. అది మూత్రపిండములను చెరచును. అట్టి వానిని మాన్పుటకు ప్రపంచదేశములు 2013లో మినమాటా ఒప్పందమునందే నియమము చేసికొన్నవి. నలువదియేండ్ల స్త్రీ తన వర్ణమును మార్చుకొనవలెనను కోరికను ఎవరు నాటిరో మీరెరుగుదురు. ఆ కోరికకు సంఘపు అప్పు వినియోగము కాకుండ చూచుడు. ఇక ఏ మచ్చయైనను పాలిపోయి, దానిపై స్పర్శ లేకున్నచో, ఏ లేపనమును రాయక ఆశా కార్యకర్తకు చూపవలెను. కుష్ఠువ్యాధికి ప్రభుత్వ ఆసుపత్రులలో మందు ఉచితము, ముందుగా మొదలుపెట్టినచో వ్రేళ్ళు వంకరపోవు భయమే యుండదు.

ఇంటిలో ఒక్కరు చేయగలవి ఇంతవరకు చెప్పితిని. సంఘముగా మాత్రమే చేయదగినవి రెండు గలవు. మొదటిది పనిచోట నీడ. ఉపాధి హామీ పథకమును దేశమంతటికిని ప్రారంభించినది మన జిల్లాలోనే, నార్పల మండలము బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2వ తేదీన. పనిచోట త్రాగునీరు, పిల్లలకు నీడ, విశ్రాంతి, ప్రథమచికిత్స పెట్టె యుండవలెనని ఆ పథకపు చట్టములోని రెండవ షెడ్యూలే నిర్దేశించినది. టార్పాలిన్ నీడ పిల్లలకే గాక, నడినెత్తి ఎండవేళ వంగి మట్టి మోయు యాభై యేండ్ల తల్లికిని కావలెనని, నీడ పొట్టిదగుటకు ముందే పని ముగియునట్లు వేళలుంచవలెనని, మండల సమాఖ్య తీర్మానము చేసి అధికారులకు పంపినచో, ఒంటరి కూలి మాటకు లేని బలము దానికుండును.

రెండవది వయ్యారిభామ. 1950వ దశకమున పూనా ప్రాంతమున కానవచ్చిన ఈ పరదేశపు మొక్క నేడు మన గట్లను, బాటలను, బీళ్ళను నింపివేసినది. 2000వ సంవత్సరపు ఖరీఫ్ మీలో పెద్దవారికి జ్ఞాపకముండును. అనంతపురము జిల్లాలో రెండు లక్షల హెక్టార్లకు మించి వేరుసెనగ కాండము కుళ్ళి చచ్చినది. పొగాకు స్ట్రీక్ వైరస్ అను సూక్ష్మజీవి వయ్యారిభామ పుప్పొడిలో నుండి, తామరపురుగుల వెంట వేరుసెనగకు చేరినదని శాస్త్రజ్ఞులు తేల్చిరి. పైరును చంపిన ఆ మొక్కయే చర్మమునకును శత్రువు. దానిలోని పార్థెనిన్ అను పదార్థము ధూళిగా గాలిలో తేలి, కనురెప్పలపై, మెడపై, మోచేతి మడతలలో దురదతోను రసితోను కూడిన చర్మశోథను కలిగించును. ఏండ్ల తరబడి దాని నడుమ పనిచేసిన నడివయస్కులకే, అందునను రైతులకే, ఇది అధికము. ఇట్టి దురదను వయస్సు దోషమనుకొని లేపనములు మార్చుకొనుచుండువారిలో ఎందరికో అసలు కారణము పెరటి గోడ ప్రక్కనే మొలచియున్నది.

దీనిని ఒక్క ఇల్లు పీకినందువలన ఫలము లేదు. పొరుగు గట్టునుండి విత్తనము మరల వచ్చును. ముంగారు వానలు పడి మొక్క మొలచిన నాలుగైదు వారములలో పూతకు వచ్చును గనుక, పూతకు ముందే, నేల తడిగా నున్నప్పుడే, ఊరంతయు ఒక్కదినమున వేళ్ళతో సహా పీకివేయవలెను. పూతకు రాని మొక్కను గుంటలో వేసి ఎరువు చేసికొనవచ్చును. ఉత్తచేతులతో ముట్టరాదు, చేతులకు తొడుగులో, లేనిచో మందపు సంచిగుడ్డయో కట్టుకొని, నిండుచేతుల చొక్కా తొడిగి, ముక్కునకు గుడ్డ కట్టుకొని పీకవలెను. ఇదివరకే దురద గలవారిని ఆ పనికి పిలువరాదు. ఇంటికి వచ్చిన వెంటనే ఆ బట్టలు వేరుగా ఉతికి, స్నానము చేసి, తడి ఆరకముందే నూనె రాసికొనవలెను. ఈ ఏటి తొలివానలకు ముందు జరుగు సమావేశముననే దినము నిర్ణయించి, ఏ గట్టు ఏ సంఘము వంతో వ్రాసికొనవలెనని కోరుచున్నాను.

ఇట్లు
మీ శ్రేయోభిలాషి